సుల్తానును తరిమిన పాఠం

పిల్లల తలల్లోకి నేనే ఎక్కించిన ఒక పాఠాన్ని మళ్ళీ బయటికి తీయడానికి నాకు నాలుగు రోజుల గడువు దొరికింది. సోమవారం నుంచి గురువారం దాకా. శుక్రవారం పొద్దున దూదేకే సాయిబు ఇంటి ముందుకు బండి వస్తుంది. ఈలోగా ఆ పాఠం పోతే బండి ఖాళీగా తిరిగి వెళ్తుంది. పోకపోతే, నా బడిలో ఐదో తరగతి చదువుతున్న ఆయన కొడుకు తల్లిదండ్రులతో పాటు ఊరు విడిచిపోతాడు. పాఠం చెప్పడం నాకు ట్రెయినింగ్‌లో నేర్పారు. చెప్పిన పాఠాన్ని తీసెయ్యడం ఎట్లాగో ఎవరూ నేర్పలేదు.

అప్పటికి నేను ఆ ఊరు వచ్చి మూడో ఏడు. పెళ్ళైన రెండేళ్ళకే మా ఆయన పోతే, ఇంట్లో మూల కూర్చుని ఏడవడం నా వల్ల కాదని అందరితో పోట్లాడి గుంటూరు వెళ్ళి ట్రెయినింగ్ అయ్యాను. ఉద్యోగం పల్నాడు తాలూకాలో ఇచ్చారు. గురజాల నుంచి కృష్ణ ఒడ్డుకు పోయే బండిబాటలో ఉన్న ఊరు. బడి గోడలూ నాపరాళ్ళే, కప్పూ నాపరాళ్ళే. ఎండలు ముదిరితే లోపల కూర్చోవడం పెనం మీద కూర్చోవడమే. ఐదు తరగతులు, ముప్పై రెండు మంది పిల్లలు, ఒక్క పంతులమ్మ. నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ఊరికి మొదటి నెలలోనే తెలిసింది. పిల్లలంటే ప్రాణమని తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

చరిత్ర దగ్గరికి వచ్చేసరికి నాకు దిక్కు తోచేది కాదు. లెక్కలకు చింతగింజలున్నాయి. భూగోళానికి బడి వెనక వాగుంది. చరిత్రకు ఏం చూపించను? పుస్తకంలో ఉన్నదల్లా రాజుల పేర్లు, వాళ్ళు తవ్వించిన చెరువులు, నాటించిన చెట్లు. పిల్లలు ఎక్కాల్లాగా అప్పజెప్పి, గంట కొట్టగానే పలక తుడిచినట్టు తుడిచేసుకునేవాళ్ళు. అట్లాగని వాళ్ళకు చరిత్ర పట్టదనుకుంటే పొరపాటు. కారంపూడి వీరుల తిరునాళ్ళకు పోయి, వీరుల కథ పాడేవాళ్ళ ముందు నోరు తెరుచుకుని కూర్చుని వచ్చిన పిల్లలు వాళ్ళు. పల్నాటిలో కథ మొదలుపెడితే వినేవాడు అడిగే మొదటి మాట, మనం ఏ పక్షం అని. ఆ పాత యుద్ధంలో మా వాళ్ళు ఫలానా వైపు అని ఇంటింటికీ ఒక లెక్క ఉంటుంది. అది తేలకపోతే వాళ్ళ చెవికి ఏ కథా ఎక్కదు.

యుద్ధం అయిపోయి, జపాను బాంబుల భయం తగ్గిన మరుసటి ఏడు కాబోలు, విజయనగరం పడిపోయిన పాఠం చెబుతున్నాను. ఒకడు లేచి అడిగాడు.

"పంతులమ్మా, ఇందులో మనం రాయలవారి పక్షమా, సుల్తాను పక్షమా?"

"రాయలవారి పక్షం" అన్నాను. ఆలోచించలేదు. అడిగిన వెంటనే నోటికి వచ్చిన మాట అది.

బడికి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. వెనక వరసలో కునుకుతున్నవాళ్ళు కూడా నిటారుగా కూర్చున్నారు. ఇన్నాళ్ళూ దొరకని తాళం చెవి దొరికిందని సంబరపడ్డాను. మరునాడే ఆ పాఠాన్ని ఆటగా మార్చాను. షావుకారుగారి అబ్బాయికి అట్టముక్కల కిరీటం పెట్టి రాయల్ని చేశాను. బడిలో ఉన్న ఒక్క కుర్చీ ఆయన సింహాసనం. ఇక సుల్తాను ఎవరు? నా కళ్ళు తిన్నగా దూదేకే సాయిబు కొడుకు మీదికి పోయాయి. ముప్పై రెండు మందిలో వాడొక్కడే సాయిబుల పిల్లవాడు. అంతకంటే వేరే లెక్క ఏమీ వెయ్యలేదు. వేసి ఉంటే ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు.

అప్పుడు వాడు మూడో తరగతి. బక్కపలచని మనిషి, తల నిండా ఎప్పుడూ దూది పింజలు. బడికి వచ్చే ముందు తండ్రి పక్కన కూర్చుని గింజలు ఏరి వచ్చేవాడు. వేషం వెయ్యమనగానే వాడి మొహం చేటంత అయింది. తరవాత ఒక అనుమానం వచ్చింది.

"మాకు తురకం రాదు పంతులమ్మా. ఇంట్లో అందరం తెలుగే. సుల్తాను తెలుగులో మాట్టాడితే తప్పు గాదా?"

"ఏం తప్పు కాదు, గట్టిగా మాట్లాడు చాలు."

"మరి రాయలోరికి పరుపులు ఎవరు కుట్టారు? మావోళ్ళే గదా కుట్టి ఉంటారు. అప్పుడు మావోళ్ళు ఏ పక్షం?"

"పాఠంలో పరుపులు లేవు, కూర్చో" అని కసిరాను. నా ఉద్యోగకాలం మొత్తంలో చరిత్ర గురించి ఒక పిల్లవాడు అడిగిన మంచి ప్రశ్న అదే. దానికి నేను ఇచ్చిన జవాబు అది.

మొదటిసారి ఆడినప్పుడు సుల్తాను రాయలవారి తల నరికాడు. తలకు బదులు ఆనపకాయ దొర్లించాం. చిన్న తరగతుల పిల్లలు బావురుమన్నారు. ఒక పిల్లయితే ఇంటికి పోయి అన్నం తినలేదట. తల్లి వచ్చి, "ఏందమ్మా, పిల్లదాన్ని ఇట్టా జడిపించారు?" అని అడిగింది. సరేనని నేను కథ చివర మార్చాను. రాయలు పడిపోయాక సుల్తాను విర్రవీగుతూ బడి గుమ్మంలోకి వస్తాడు. నేను బెత్తంతో బల్ల మీద రెండుసార్లు కొడతాను. పిల్లలందరూ ఒక్కపెట్టున లేచి, "ద్రోహీ! ఈ గడప తొక్కకు!" అని అరుస్తారు. సుల్తాను వెనక్కి తిరిగి పరుగెడతాడు. వాళ్ళు గడప దాకా తరిమి ఆగిపోతారు. తరవాత అందరూ చప్పట్లు.

చరిత్రలో అట్లా జరగలేదు. విజయనగరాన్ని గెలిచినవాళ్ళను ఎవరూ తరమలేదు. ఊరు ఊరంతా పాడుపడింది. ఆ సంగతి నాకు తెలుసు. పిల్లలు ఏడవకుండా ఉండాలని, ఈ మాత్రం అబద్ధం ఏం చేస్తుందిలే అనుకున్నాను.

ఆ ఏడు తనిఖీకి వచ్చిన డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు ఆట చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చరిత్రను కళ్ళకు కట్టించారని బడి పుస్తకంలో రాశారు. సాయిబు కొడుకు వీపు తట్టారు కూడా. నేను పొంగిపోయాను. అప్పటినుంచి పండగకూ పబ్బానికీ అదే ఆట. స్వరాజ్యం వచ్చిన రోజున జెండా ఎగరేసి, బూందీ పంచి, ఊరందరి ముందూ ఆడించాను. సాయిబు తన దూదేకే విల్లు పక్కన పెట్టి వచ్చి, చివరి వరసలో నిలబడి కొడుకును చూసి నవ్వుకున్నాడు. పిల్లవాడికి సుల్తాను అన్న పేరు స్థిరపడింది. బజారులో పెద్దవాళ్ళు కూడా "ఏరా సుల్తానూ, యాడికి?" అని పలకరించేవాళ్ళు. అందులో వెటకారం లేదు, ముద్దే. వాడూ ఆ పేరుకే పలికేవాడు.

మరుసటి ఏడు బళ్ళు తెరిచేనాటికి అన్నీ మారిపోయాయి. కృష్ణ అవతలి ఒడ్డు నైజాం. అక్కడ ఊళ్ళ మీద తుపాకులవాళ్ళు పడుతున్నారని, ఇళ్ళు తగలబెడుతున్నారని, జనం పుట్టెలెక్కి ఏరు దాటి ఇటు వస్తున్నారు. మా ఊరి సత్రం నిండిపోయింది. నా బడిలోకి కూడా నలుగురు కొత్త పిల్లలు వచ్చారు. వాళ్ళు రాత్రివేళ చెప్పుకున్న మాటలు పొద్దున్నకల్లా నా పిల్లల నోళ్ళలో ఉండేవి. అక్కడ ఏలుతున్నది ఎవరు? తుపాకులు పట్టుకున్నది ఎవరు? పిల్లలకు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన పని లేకుండా నేను రెండేళ్ళ ముందే చేసి పెట్టాను.

షావుకారు కొట్టుకు కిరసనాయిలు కోసం వెళ్ళిన సాయిబు కొడుకును నలుగురు పిల్లలు మెట్ల దగ్గర అడ్డుకున్నారు. "ద్రోహీ, ఈ గడప తొక్కకు" అన్నారు. మొదటిరోజు వాడు ఆటనుకుని పరుగెత్తాడు. మరునాడు పాలకు పోతే అదే. నీళ్ళ బావి దగ్గర అదే. మూడోనాడు వాడు పరుగెత్తలేదు. అప్పుడు తోశారు. నేను బడి కిటికీలోంచి ఒకసారి ఇది చూశాను. దగ్గరలో తనిఖీ ఉంది కదా, ఆట సాధన చేసుకుంటున్నారని నవ్వుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది. అయినా రాస్తున్నాను.

తనిఖీకి మూడు రోజుల ముందు సాయిబు బడికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, తల గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పంతులమ్మా, ఒక్క మాట. మావోడికి ఆ ఏసం వొద్దమ్మా ఈసారి. ఏరే ఎవురికైనా ఇయ్యండి. రోజులు బాగా లేవు."

"ఎల్లుండి కాక ఆవలెల్లుండి డిప్యూటీగారు వస్తుంటే ఇప్పుడు వేషం మార్చమంటావా? మాటలన్నీ వాడికే వచ్చు."

"మావోడు చానా బయపడతన్నాడమ్మా. నిద్దట్లో ఉలిక్కిపడతన్నాడు."

పెద్దమనిషి అంత మెల్లగా చెబితే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా పాఠంలో తప్పు పట్టడమా అనుకున్నాను. "నువ్వు దూది ఏకు సాయిబూ, పాఠం నేను చెప్పుకుంటాను. నీ విల్లు జోలికి నేనెప్పుడైనా వచ్చానా?" అన్నాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన తల గుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. కొడుకు తల వంచుకుని పలక మీద ఏదో గీస్తూ కూర్చున్నాడు.

తనిఖీ రోజు సత్రంలోని జనం కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. ఆట ఎప్పటిలాగే నడిచింది. సుల్తాను గుమ్మంలోకి వచ్చాడు, నేను బల్ల మీద కొట్టాను, పిల్లలు లేచారు. ఆ అరుపు అంతకుముందు ఎప్పుడూ అట్లా వినలేదు. వాడు పరుగెత్తాడు. పిల్లలు గడప దగ్గర ఆగలేదు. బయట నిలబడ్డవాళ్ళు కూడా అందుకున్నారు. నేను కేకలు పెడుతూ వెనక పడ్డాను. వాడు వీధి మలుపు తిరిగేలోపల ఎవరో నాపరాయి పెచ్చు విసిరారు. ఎవరు విసిరారో ఇప్పటికీ తెలియదు. కనుబొమ మీద తగిలి, అరంగుళం కింద తగిలితే కన్ను పోయేంత గాయమైంది.

నేను చేరుకునేసరికి వాడు మట్టిలో కూర్చుని ఉన్నాడు. చీర కొంగు గాయానికి అదిమిపెట్టాను. వాడు ఏడవలేదు. ఆటలో అన్యాయం జరిగినట్టు నాకు చెప్పుకున్నాడు.

"గడప దాకే గదా పంతులమ్మా? నేను గడప దాటాను. ఆళ్ళు ఆగలేదు."

డిప్యూటీగారు గాయం గురించి అడిగి, బండి ఎక్కి వెళ్ళిపోయారు. ఆసారి పుస్తకంలో ఏమీ రాయలేదు. ఆదివారం నేను సాయిబు ఇంటికి వెళ్ళాను. విల్లు గోడకు తగిలించి ఉంది. మూటలు కడుతున్నారు. పిల్లవాడు తలకు కట్టుతో నులకమంచం మీద పడుకుని నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. వాడి తల్లి నాకు పీట వేసింది గాని మాట్లాడలేదు. నకరికల్లులో బావమరిది ఉన్నాడని, శుక్రవారం బండి వస్తుందని సాయిబు చెప్పాడు. అక్కడైనా పిల్లవాణ్ణి బడికి పంపుతావా అని అడిగాను. పంపనన్నాడు. పనిలో పెట్టుకుంటానన్నాడు.

 మా ఊళ్ళో హైస్కూలు దాకా పోగలడని నేను నమ్మిన పిల్లవాడు వాడొక్కడే. గురజాల హైస్కూలులో చేర్పించడానికి నేనే తీసుకుపోవాలని ఏడాదిగా అనుకుంటున్నాను.

"అన్నా" అన్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆయన్ని అట్లా పిలవలేదు. "వెళ్ళొద్దు. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

ఆయన మూట ముడి బిగించాడు. తరవాత అన్నాడు.

"ఊరితో మాకు తగువేం లేదమ్మా. పెద్దోళ్ళు ఈరోజు కోప్పడతారు, రేపు మంచినీళ్ళిస్తారు. పిల్లోళ్ళే మరిచిపోరు. ఆళ్ళ బుర్రల్లో మీరు పెట్టింది మీరే తియ్యాల. బేస్తారం పొద్దుగూకే లోపల తీసి సూపిస్తే, శుక్రారం బండి ఎనక్కి పంపిస్తా."

ఆ గడువు అట్లా దొరికింది.

సోమవారం బడి మొదలు కాగానే తలుపులు వేసి నిజం చెప్పాను. సుల్తానును ఎవరూ తరమలేదు, ఆ చివరి ముక్క నేను కల్పించాను అన్నాను. రాయల సైన్యంలో తురక రౌతులున్నారు, సుల్తాన్ల సైన్యాల్లో మనవాళ్ళూ ఉన్నారు అన్నాను. మన పక్షం, వాళ్ళ పక్షం అని అంత తేలిగ్గా గీత గీయడానికి లేదన్నాను. పిల్లలు మర్యాదగా విన్నారు. విన్నాక షావుకారుగారి అబ్బాయి లేచాడు.

"అబద్ధం పంతులమ్మా. తరిమాం గదా. మేమే తరిమాం. మీరు గూడా చూశారు."

"అది ఆట రా!"

"ఆట గాదు, పాఠం. పరీచ్చలో రాశాం గదా. మీరు మార్కులేశారు."

 వేశాను. తరిమారని రాసినవాళ్ళకు పూర్తి మార్కులు వేశాను. ఎందుకంటే ఆ మాట రాసినవాళ్ళు పాఠం శ్రద్ధగా విన్నట్టు లెక్క.

మంగళవారం మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఎవరు తరిమారని అడిగితే సగం మంది తరిమామనే అన్నారు. ఓపిక పట్టలేకపోయాను. బెత్తం తీసుకుని, తరిమామన్న ప్రతి చేతి మీదా వేశాను.  ఏడుస్తూ చేతులు చాపిన పిల్లలకు ఎందుకు దెబ్బలు పడుతున్నాయో అర్థం కాలేదు. నిన్నటిదాకా మెచ్చుకున్న జవాబుకే ఈరోజు కొడుతోంది ఈవిడ అని వాళ్ళ మొహాల్లో కనిపించింది. చివరికి ఏరు దాటి వచ్చిన పిల్లలలో ఒక ఆడపిల్ల దగ్గరికి వచ్చాను. ఏడెనిమిదేళ్ళది. వాళ్ళ నాన్న ఇంకా అవతలే ఉన్నాడు, కబురు లేదు.

"చెప్పు. సుల్తానును ఎవరైనా తరిమారా?"

"లేదు పంతులమ్మా, ఎవ్వలు తరమలేదు" అంది ఆ పిల్ల. "మా ఊళ్ళె గూడ ఎవ్వలు తరమలే. గందుకే మా ఇల్లు కాలింది."

బెత్తం బల్ల మీద పెట్టేశాను. ఆ పిల్లకు ఏం చెప్పాలి? నీ ఇల్లు కాల్చినవాళ్ళు వేరు, మన బడిలో పిల్లవాడు వేరు అన్నాను. అవునన్నట్టు తల ఊపింది. నేను ఏం చెప్పినా తల ఊపేదే ఆ పిల్ల, అలసిపోయి ఉంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. మా ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు నేను చేసిన తప్పేమీ లేదు.

బుధవారం షావుకారు ఇంటికీ, ఇంకో నాలుగిళ్ళకూ వెళ్ళి పిల్లలకు మీరైనా చెప్పండని బతిమాలాను. "పిల్లలాటకు ఇంత రభసేందమ్మా, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటది" అన్నాడు షావుకారు. నాకు నాలుగు రోజులు లేవు, రెండే ఉన్నాయి. బడికి తిరిగి వచ్చి నాకు చేతనైన పద్ధతికే దిగాను. నమ్మించడం మానేసి కంఠతా పట్టించాను. ఎక్కాలు ఎట్లా పట్టిస్తామో అట్లాగే. నేను ఒక ముక్క అంటాను, వాళ్ళు అంటారు. "సుల్తానును ఎవరూ తరమలేదు. ఆ మాట పంతులమ్మ కల్పించింది. మన బడిలో ద్రోహి ఎవరూ లేరు. మన స్నేహితుణ్ణి మనం పిలుచుకుందాం." నలభైసార్లు అనిపించానో, యాభైసార్లు అనిపించానో. సాయంత్రానికి ఒకటో తరగతి పిల్ల కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

గురువారం మధ్యాహ్నం దాకా మళ్ళీ అదే. ఎక్కడినుంచి అడిగినా చెబుతున్నారు. పాటలాగా, ఊగుతూ, చక్కగా చెబుతున్నారు. షావుకారుగారి అబ్బాయి అందరికంటే గట్టిగా చెప్పాడు. నాకు ఆశ పుట్టింది. ఎంత ఆశంటే, చెప్పులు కూడా వేసుకోకుండా సాయిబు ఇంటికి పరుగెత్తాను.

"వచ్చి విను అన్నా. వాణ్ణి కూడా తీసుకురా. నువ్వే విను."

పిల్లవాడు రానన్నాడు. నేను మంచం పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకున్నాను. ఇంక ఎవరూ తరమరు, అందరూ నిన్ను పిలుస్తామంటున్నారు అని ఒట్టు వేశాను. వాడు తల్లి వైపు చూశాడు. ఆవిడ మొదటిసారి నోరు తెరిచి, "పోయిరా నాయనా, పంతులమ్మ అంతగా అడగతంది గదా" అంది. ఉతికిన చొక్కా తొడిగింది. కట్టు సరిచేసింది. వాడు పలక కూడా తీసుకున్నాడు. ఆ పలక తీసుకోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

నేను ముందు నడిచి బడిలోకి వెళ్ళి బోర్డు దగ్గర నిలబడ్డాను. తండ్రి వాకిట్లో ఆగాడు. పిల్లలు లేచి నిలబడి, చేతులు కట్టుకుని మొదలుపెట్టారు. సుల్తానును ఎవరూ తరమలేదు. ఆ మాట పంతులమ్మ కల్పించింది. ఒక్క గొంతుతో, ఒక్క తప్పు లేకుండా చెబుతున్నారు. సాయిబు కళ్ళు మూసుకుని విన్నాడు. మన బడిలో ద్రోహి ఎవరూ లేరు అన్నారు. ఆయన మొహం కొంచెం మెత్తబడింది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోశాడు.

వాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

నేను బల్ల మీద కొట్టలేదు. బెత్తం నా చేతిలో లేనే లేదు. వాణ్ణి ఆ గుమ్మంలో, ఆ వెలుతురులో చూడగానే ముప్పై మంది గొంతులూ ఒక్కసారిగా ఎగిశాయి. "ద్రోహీ! ఈ గడప తొక్కకు!" కోపంగా కాదు. ఆ సంగతి నేను ఒట్టు వేసి చెప్పగలను. కొందరు నవ్వుతున్నారు. తమ నేస్తం తిరిగి వచ్చాడన్న సంతోషంతోనే అరిచారు. గుమ్మంలో సుల్తాను కనిపిస్తే ఏం చెయ్యాలో రెండేళ్ళుగా నేను నేర్పిందే చేశారు. వాడు కూడా నేర్చుకున్నదే చేశాడు. వెనక్కి తిరిగి పరుగెత్తాడు. పలక గడప మీద పడి రెండు ముక్కలైంది.

 సాయిబు వంగి రెండు ముక్కలూ ఏరుకుని, కొడుకును పిలుస్తూ వెంట వెళ్ళాడు. మరునాడు పొద్దున్నే బండి నకరికల్లు వైపు వెళ్ళిపోయింది. ఆ తరవాత వాడు చదువుకున్నాడో లేదో నాకు తెలియదు. కనుక్కోవడానికి ధైర్యం చాలలేదు.

బడిలో మాత్రం ఆ నిమిషాన పిల్లలు ఇంకా నిలబడే ఉన్నారు. ఎవరూ వాణ్ణి తరుముకుంటూ వెళ్ళలేదు. గడప దాకా కూడా రాలేదు. నా వైపు చూస్తున్నారు. ముందు వరసలోని ఒకటో తరగతి పిల్ల, ఆయాసపడుతూ, నవ్వు మొహంతో అడిగింది.

"బాగా చెప్పామా పంతులమ్మా?"

బాగా చెప్పారు, కూర్చోండి అన్నాను. ఇంకేం అనను? నేర్పింది నేనే కదా.